వచ్చినవాళ్లకి దారి దొరకాలి: వెబ్‌సైట్ పేజీల అమరికపై పాఠకుల ప్రశ్నలు

వెబ్‌సైట్‌లో పేజీలని ఎలా అమర్చాలి, మెనూలో ఏం ఉంచాలి, ఏం తీసెయ్యాలి అన్న విషయం మీద వచ్చిన ప్రశ్నలకే ఈసారి శీర్షిక మొత్తం ఇస్తున్నాం. ఒకేలా ఉన్న ప్రశ్నలని కలిపి జవాబు రాశాం.

ప్రశ్న: మా డిగ్రీ కళాశాల వెబ్‌సైట్ బాధ్యత నాకు అప్పగించారండీ. పై మెనూలో 14 అంశాలున్నాయి: మా గురించి, యాజమాన్యం, ప్రిన్సిపాల్ సందేశం, విభాగాలు, కమిటీలు, ఐక్యూఏసీ (కళాశాల లోపలి నాణ్యత విభాగం), న్యాక్ (కళాశాలల నాణ్యతని మదింపు చేసే సంస్థ)... ఇలా. ఇన్ని ఉన్నా పిల్లలూ తల్లిదండ్రులూ ఫీజెంత, పరీక్షెప్పుడు అని ఆఫీసుకి ఫోన్ చేసే అడుగుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక అధ్యాపకుడు, తెనాలి

ఆ ఫోన్ల దగ్గరే మొదలుపెట్టండి. మీ మెనూ కళాశాలలో ఎవరి కింద ఎవరున్నారో చెబుతోంది. ఫోన్ చేసేవాళ్లకి కావలసింది ఫీజెంత, పరీక్షెప్పుడు అన్నది.

ఆఫీసు ఫోన్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టించండి. రెండు వారాలపాటు వచ్చిన ప్రతి ప్రశ్ననీ అడిగినవాళ్ల మాటల్లోనే రాయించండి. 'బోనఫైడ్ కావాలి' అంటే అలాగే రాయాలి తప్ప 'ధ్రువపత్రాల జారీ' అని దిద్దకూడదు. రేపు మెనూలో పేర్లయ్యేవి ఆ మాటలే. సైట్ నడిపేవాళ్లకి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో మీ సైట్ నమోదై ఉంటే, జనం ఏమేం టైపు చేసి మీ దగ్గరికి వచ్చారో వెనకటి 16 నెలల వరకూ చూడవచ్చు. ఆ జాబితానీ పక్కన పెట్టుకోండి.

తరవాత ఉన్న పేజీలన్నిటి లెక్క తియ్యాలి. ఎక్సెల్‌లో పేజీకో వరస. పేజీ పేరు, లింకు, ఎవరి కోసం, చివరిసారి ఎప్పుడు మార్చారు, ఎవరు చూసుకుంటారు, ఉంచాలా కలపాలా తీసెయ్యాలా అన్నవి నిలువు గడులు. విసుగు పుట్టించే పనే ఇది. కానీ దీన్ని దాటేసి నేరుగా మెనూ మార్చబోతే ఎక్కడా ఇమడని పేజీలన్నీ చివరికి 'ఇతరములు' కింద చేరతాయి. మెనూలో ఆ పేరు కనబడిందంటే వర్గీకరణ సగంలో వదిలేశారన్నమాట. ఫీజుల వివరాలు మూడుచోట్ల మూడు రకాలుగా ఉండటం, ఎప్పటిదో టైంటేబుల్ ఇంకా తెరుచుకోవడం వంటివి కూడా ఈ లెక్కలోనే బయటపడతాయి.

ఇక కార్డుల పని. నోట్‌బుక్‌లో ఎక్కువసార్లు వచ్చిన విషయాల్లోంచి 30 నుంచి 40 వరకూ తీసుకుని, ఒక్కో అట్టముక్క మీద ఒక్కటి రాయండి. మొదటి ఏడాది విద్యార్థుల్నీ, చివరి ఏడాది వాళ్లనీ, కొందరు తల్లిదండ్రుల్నీ కలిపి 15 మందిని ఎంచుకుని, విడివిడిగా కూర్చోబెట్టి, 'ఏవి ఒకచోట ఉంటే బావుంటుందో సర్దండి, ప్రతి కుప్పకీ పేరు పెట్టండి' అనండి. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. కార్డుల మీద 'పరీక్ష ఫీజు', 'పరీక్ష తేదీలు', 'పరీక్ష హాల్' అని ఒకే మాటతో రాస్తే ఆ మాట చూసి కలిపేస్తారు, విషయం ఆలోచించరు. మాటలు మార్చి రాయాలి. రెండోది, అధ్యాపకులతోనే ఈ పని చేయించడం. వాళ్లకి కళాశాల నడిచే తీరు తెలుసు కాబట్టి పాత మెనూనే మళ్లీ తయారుచేస్తారు.

చివరికి మెనూ బహుశా ఇలా తేలుతుంది: ప్రవేశాలు, కోర్సులు, ఫీజులు–స్కాలర్‌షిప్‌లు, పరీక్షలు–ఫలితాలు, సర్టిఫికెట్లు, కళాశాల గురించి. కార్డుల్లో సగంమంది ఒకచోట, సగంమంది ఇంకోచోట పెట్టిన విషయానికి రెండుచోట్లా లింకు ఇవ్వండి. పేజీ మాత్రం ఒక్కటే ఉండాలి, లేకపోతే ఒకచోట మార్చి ఇంకోచోట మరిచిపోతారు. స్కాలర్‌షిప్ పథకాల పేర్లని మెనూలోకి ఎక్కించకండి. పథకాల పేర్లు మారుతుంటాయి, 'ఫీజు రీయింబర్స్‌మెంట్' అన్న మాట అందరి నోటా నిలిచి ఉంది. పథకం పేరు లోపలి పేజీలో రాస్తే చాలు.

న్యాక్, ఐక్యూఏసీ పత్రాలు సైట్‌లో ఉండి తీరాలి, కానీ పై మెనూలో వాటికి రెండు చోట్లు అక్కర్లేదు. 'కళాశాల గురించి' కింద ఒక పేజీ, ప్రతి పేజీ అడుగునా దానికో లింకు చాలు. ఆ పత్రాల కోసం వచ్చేవాళ్లకి ఏం వెతుకుతున్నారో ముందే తెలుసు. ఒక్క జాగ్రత్త: మీరు ఇంతకుముందు న్యాక్‌కి పంపిన నివేదికల్లో ఈ పత్రాల లింకులు ఇచ్చే ఉంటారు. వాటి చిరునామాలు మార్చకండి. మార్చక తప్పకపోతే రీడైరెక్ట్ (పాత లింకు నొక్కినవాళ్లని కొత్త చిరునామాకి పంపే ఏర్పాటు) పెట్టండి. ఆ విషయం కింద చెప్పాం.

ప్రశ్న: మెనూలో ఏడు అంశాలకి మించకూడదనీ, ఏ పేజీ అయినా మూడు క్లిక్కుల్లో రావాలనీ అంటారు. నిజమేనా?
— వెబ్ డిజైన్ నేర్చుకుంటున్న విద్యార్థిని, విజయనగరం

రెండూ నియమాలు కావు. ఏడు అన్న లెక్క జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1956లో రాసిన వ్యాసం నుంచి వచ్చింది. మనిషి విన్నవాటిని, చూసినవాటిని కాసేపు మనసులో ఎన్ని నిలుపుకోగలడన్నది అక్కడి విషయం. మెనూ కళ్లముందే ఉంటుంది, గుర్తుపెట్టుకోవలసిన పని లేదు. పేర్లు ఒకదానితో ఒకటి కలవకుండా ఉంటే తొమ్మిది ఉన్నా ఇబ్బంది రాదు. 'సేవలు', 'సదుపాయాలు', 'సౌకర్యాలు' అని మూడే ఉన్నా ఎవరికీ దారి తెలియదు.

క్లిక్కుల సంగతీ అంతే. ప్రతి అడుగులో 'సరైన దారిలోనే ఉన్నాను' అనిపిస్తే నాలుగో క్లిక్కూ భారం కాదు. అన్నీ మూడు క్లిక్కుల్లోకి కుదించాలని ఒకే పేజీలో 60 లింకులు గుమ్మరించడం అంతకంటే ఎక్కువ నష్టం.

ప్రశ్న: చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. మంగళగిరి, ఉప్పాడ, వెంకటగిరి, గద్వాల, పోచంపల్లి... మొత్తం 11 ఊళ్ల పేర్లతో విభాగాలు పెట్టాం. ప్రతి ఊరి కింద కాటన్, పట్టు, వాటి కింద అయిదు ధరల వరసలు. కొనేవాళ్లు మాత్రం 'ఏవీ లేవేంటండీ' అంటున్నారు. స్టాకులో 300 చీరలున్నాయి!
— చీరల వ్యాపారి, చీరాల

మీ లెక్కలోనే జవాబుంది. 11 ఊళ్లు, రెండు నూళ్లు (కాటన్, పట్టు), అయిదు ధరలు: మొత్తం 110 పేజీలు. 300 చీరలని 110 పేజీల్లో పంచితే సగటున పేజీకి మూడు కూడా రావు. కొన్ని పేజీల్లో పది ఉంటే చాలా పేజీలు ఖాళీ. వచ్చినావిడ రెండు ఖాళీ పేజీలు చూసి దుకాణంలో సరుకే లేదనుకుంటుంది.

ఊరు, నూలు, ధర, రంగు అన్నవి ఒకదాని కింద ఒకటి ఉండే మెట్లు కావు. ఒకే చీరకి పక్కపక్కన ఉండే లక్షణాలు. ఒకావిడ ధరతో మొదలుపెడుతుంది, ఇంకొకావిడ రంగుతో. ఉప్పాడ జాందానీయే కావాలని వచ్చేవాళ్లు ఉంటారు, అన్నీ చూద్దామని వచ్చేవాళ్లూ ఉంటారు. మెట్లు కట్టారంటే అందరినీ ఒకే క్రమంలో నడవమన్నట్టే. కాబట్టి విభాగాలు ఒకే వరసలో ఉంచండి: చీరలు, డ్రెస్ మెటీరియల్, పంచెలు, దుప్పట్లు. మిగతావన్నీ ఫిల్టర్లుగా మార్చండి. చీరలు నొక్కగానే 300 చీరలూ కనబడాలి, పక్కన ఊరు, నూలు, ధర, రంగు ఫిల్టర్లు ఉండాలి.

ఫిల్టర్లు పెట్టేటప్పుడు చూసుకోవలసినవి చాలా ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా ఎన్ని ఉన్నాయో అంకె రావాలి, 'గద్వాల 24' అని. ఎంచుకుంటే సున్నా వచ్చేవి నొక్కడానికి వీల్లేకుండా మసకగా ఉండాలి. ఎంచుకున్న ఫిల్టర్లు పైన విడివిడిగా కనిపించాలి, ఒక్కొక్కదాన్ని తీసేసే గుర్తుతో సహా. అవి లింకులో కూడా చేరాలి. చీరల జాబితాని అక్కకో వదినకో వాట్సాప్‌లో పంపి 'ఏది బావుంది' అని అడగడం మామూలే. లింకులో ఫిల్టర్ లేకపోతే అవతలివాళ్లకి మొత్తం 300 చీరలు తెరుచుకుంటాయి. చీర తెరిచి వెనక్కి వస్తే ఇందాక ఆగినచోటికే రావాలి, జాబితా మొదటికి కాదు. ఫోన్‌లో కొనేవాళ్లు విసిగి వెళ్లిపోవడానికి ఇది పెద్ద కారణం, పరీక్షించేటప్పుడు కంప్యూటర్ మీద మాత్రమే చూసేవాళ్లకి ఇది తెలియదు.

ఊళ్ల పేర్లతో గూగుల్‌లో వెతికేవాళ్ల కోసం ఆ 11 పేజీలని ఉంచండి, కానీ అరలుగా కాదు. నేత పద్ధతి, అంచు, పల్లూ, ఉతికే తీరు నాలుగు మాటల్లో రాసి, కింద ఆ ఊరి చీరలన్నీ చూపించండి. అమ్ముడైపోయిన చీర పేజీని వెంటనే తీసెయ్యకండి. 'అమ్ముడైంది' అని రాసి, అదే ఊరివి, అదే రంగువి నాలుగు కింద చూపండి. ఎవరో పంపిన పాత లింకు పట్టుకుని వచ్చినవాళ్లు అక్కడే ఆగిపోకుండా ఉంటారు.

ప్రశ్న: మా సాహిత్య వెబ్ పత్రికలో 900 దాకా కథలు, కవితలు, వ్యాసాలు పోగయ్యాయి. సంచికల వారీగా తప్ప ఇంకోలా దొరకవు. పాత రచనలు చదివేవాళ్లే లేరు. ఎలా సర్దాలి?
— సంపాదకవర్గ సభ్యురాలు, హైదరాబాద్

ఫలానా కథ 2014 జులైలో వచ్చిందని పాఠకుడికి గుర్తుండదు. రాసినవాళ్ల పేరో, ప్రక్రియో, కథలోని ఒక మాటో గుర్తుంటుంది. సంచికల దారి అలాగే ఉంచి, ఇంకో మూడు దారులు తెరవండి: రచయితలు, ప్రక్రియలు, వెతుకు పెట్టె.

ప్రక్రియ తేలిక. ప్రతి రచనకీ ఒకే ప్రక్రియ ఇవ్వండి: కథ, కవిత, వ్యాసం, అనువాదం, సమీక్ష, ముఖాముఖి. అనువాద కథ ఎక్కడికి వెళ్లాలన్న గొడవ ముందే తేల్చుకుని, ఆ నిర్ణయాన్ని ఒక కాగితం మీద రాసి అందరికీ ఇవ్వండి. ట్యాగుల (రచనకి తగిలించే విషయాల పేర్ల) దగ్గర గట్టిగా ఉండాలి. ఎవరికి తోచింది వాళ్లు పెడితే 'స్త్రీవాదం', 'స్త్రీ వాదం', 'ఫెమినిజం' మూడు వేరువేరు పేజీలవుతాయి. అనుమతించిన ట్యాగుల జాబితా ఒకటి ఉండాలి. ఏడాది తిరిగినా అయిదు రచనలైనా చేరని ట్యాగుని తీసెయ్యండి.

కష్టమంతా రచయితల సూచికలో ఉంది. తెలుగులో ఒకర్ని ఏ పేరుతో పిలుస్తామన్నదానికి ఒక పద్ధతి లేదు. గురజాడని ఇంటిపేరుతో పిలుస్తాం, తిలక్‌ని అసలు పేరు చివరి మాటతో, ఆరుద్రని కలం పేరుతో. భాగవతుల సదాశివ శంకరశాస్త్రి అని 'భ' కింద పెడితే ఆరుద్ర కోసం వచ్చినవాళ్లకి దొరకదు. ఇంటిపేరు ముందు అన్న నియమం పెట్టుకుంటే తిలక్ 'దేవరకొండ'లోకి పోతాడు. అందుకని ప్రతి రచయితకీ జనం పిలిచే పేరు ఒకటి ముఖ్యంగా తీసుకుని, మిగతా పేర్ల దగ్గర 'చూడండి' అని దారి చూపించాలి. 'దేవరకొండ బాలగంగాధర తిలక్ – తిలక్ చూడండి' అన్నమాట. ఇప్పుడు రాస్తున్నవాళ్లని మాత్రం అడిగి, వాళ్లు చెప్పిన రూపమే వాడండి. ఒకే మనిషి పొడి అక్షరాలతో ఒకసారి, పూర్తి పేరుతో ఒకసారి అచ్చయితే రెండు పేజీలుగా చీలిపోతారు. 900 రచనల్లో ఇలాంటి జంటలు తప్పకుండా ఉంటాయి, ముందు వాటిని కలపండి.

అకారాది క్రమం కంప్యూటర్‌కి వదిలెయ్యవచ్చు, అయితే అది యూనికోడ్ (అక్షరాలకి కంప్యూటర్‌లో అంకెలిచ్చే ప్రమాణం) వరసలో పోతుంది. అందులో 'ఱ' ర తరవాతా, 'ళ' ల తరవాతా వస్తాయి, 'క్ష' క కిందే ఉంటుంది. వర్ణమాల చివర్లో వెతికేవాళ్ల కోసం అక్కడ ఒక లింకు ఇస్తే సరి. పైన 50 అక్షరాల బటన్లు పేర్చకండి, ఫోన్‌లో వేలికి అందవు, సగం అక్షరాలకి రచయితలే ఉండరు. అ–ఔ, క–ఙ, చ–ఞ, ట–ణ, త–న, ప–మ, య–హ అని ఏడు చాలు.

వెతుకు పెట్టె తెలుగులో ఎందుకు విఫలమవుతుందో తెలిస్తే బాగుచెయ్యడం సులువు. 'వెబ్‌సైట్' అన్న మాటలో 'బ్' తరవాత, 'స'కి ముందు కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. అది పొల్లునీ తరవాతి అక్షరాన్నీ వత్తుగా కలవకుండా ఆపుతుంది. రచయిత ఆ గుర్తుతో టైపు చేసి, పాఠకుడు అది లేకుండా టైపు చేస్తే సైట్‌కి అవి రెండు వేరే మాటలు. రచనల్లోనూ, వెతికే మాటలోనూ ఆ గుర్తు తీసేసి పోల్చమని మీ సాంకేతిక మనిషికి చెప్పండి. 'నంబరు–నెంబరు', 'టికెట్–టిక్కెట్' లాంటి జంటలకి సమానార్థాల పట్టిక ఒకటి కావాలి. చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైపు చేస్తారు కాబట్టి రచయితల పేర్లకీ శీర్షికలకీ ఇంగ్లిష్ లిపి రూపం కనబడని గడిలో చేర్చండి. ఇక పాత సంచికలు 'అను' ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో) కూర్చి పీడీఎఫ్‌గా పెట్టినవైతే, వాటిని యూనికోడ్‌లోకి మార్చేవరకూ ఏ వెతుకులాటకీ దొరకవు. కంటికి తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి వేరే అక్షరాలు. మార్పిడి పనిని రచయితల వారీగా మొదలుపెట్టండి, ఎక్కువమంది అడిగేవాళ్లవి ముందు.

ప్రశ్న: ఫోన్‌లో మా తెలుగు మెనూ అక్షరాల కింది వత్తులు తెగిపోతున్నాయి. మూడు గీతల గుర్తు వెనక మెనూ ఉందని పెద్దవాళ్లకి తెలియడం లేదు కూడా.
— ఆసుపత్రి వెబ్‌సైట్ నిర్వాహకుడు, వరంగల్

ఇంగ్లిష్ అక్షరాలకి కొలిచి తెచ్చిన థీమ్‌లో మెనూ వరసకి ఎత్తు స్థిరంగా బిగించి ఉంటుంది. 'శస్త్రచికిత్స'లో 'స్త్ర' కిందికి ఎంత దిగుతుందో చూడండి. ఎత్తు బిగించిన చోటల్లా కనీస ఎత్తుగా మార్చి, వరస ఎత్తుని అక్షరం సైజుకి 1.6 నుంచి 1.8 రెట్లు ఉంచండి. అక్షరాల మధ్య ఎడం పెంచే అమరిక ఏదైనా ఉంటే తీసెయ్యండి. అక్షరం 16 పిక్సెళ్లకి తగ్గకూడదు. నొక్కే చోటు 48 పిక్సెళ్ల ఎత్తుంటే వణికే చేతులకీ వీలవుతుంది. వైకల్యం ఉన్నవాళ్లకీ సైట్లు అందేలా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యుసీఏజీ 2.2లో కనీసం 24 అని ఉంది గాని, ఆసుపత్రికి అది చాలదు.

మూడు గీతల పక్కన 'మెనూ' అని రాయండి. దాన్ని నమ్ముకుని అన్నీ దాని వెనక పెట్టకండి. అపాయింట్‌మెంట్, డాక్టర్లు, రిపోర్టులు, అత్యవసరం ఫోన్ – ఈ నాలుగూ ఎప్పుడూ తెర అడుగున కనబడుతూ ఉండాలి. 'కార్డియాలజీ' అని మాత్రమే రాస్తే ఊళ్లనుంచి వచ్చేవాళ్లకి తెలియదు, 'గుండె డాక్టర్లు (కార్డియాలజీ)' అని రాయండి.

ప్రశ్న: మా తెలుగు సంఘం సైట్ రెండు భాషల్లో ఉంది. భాష మార్చే బటన్ ఎక్కడ, ఎలా ఉండాలి?
— సంఘ కార్యకర్త, డాలస్

పైన కుడివైపు, ప్రతి పేజీలోనూ అదే చోట. భాష పేరు ఆ భాష లిపిలోనే రాయాలి, జెండాలు వద్దు. తెలుగుకి జెండా లేదు, ఇంగ్లిష్‌కి ఒకటి కాదు. నొక్కినప్పుడు ఉన్న పేజీకే రెండో భాష రూపం తెరుచుకోవాలి. బడి నమోదు పేజీలో ఉన్నవాళ్లని హోంపేజీకి విసిరేస్తే మళ్లీ మొదట్నుంచి వెతుక్కోవాలి. ఆ పేజీకి అనువాదం లేకపోతే ఆ సంగతి అక్కడే చెప్పండి.

ప్రశ్న: పేజీల లింకులు తెలుగులో ఉండాలా, ఇంగ్లిష్‌లోనా? అమరిక మార్చాక పాత లింకులన్నీ 404 (పేజీ లేదు) అని చూపిస్తున్నాయి, ఏం చెయ్యాలి?
— పలువురు పాఠకులు

తెలుగు లింకు బ్రౌజర్‌లో చక్కగా కనిపిస్తుంది. కాపీ చేసి ఎవరికైనా పంపినప్పుడు చాలాచోట్ల విడిపోతుంది. ఒక్కో తెలుగు గుర్తు కంప్యూటర్‌లో మూడు బైట్లు, లింకులో ఒక్కో బైట్ మూడు అక్షరాలవుతుంది. 'వంటలు' అన్న మాటలో అయిదు గుర్తులు. అంటే శాతం గుర్తులతో నిండిన 45 అక్షరాలు. అందుకే లింకుని ఇంగ్లిష్ లిపిలో, చిన్నగా, రెండు మూడు మాటల్లో ఉంచమంటాం. తేదీలు, విభాగాల పేర్లు అందులో లేకపోతే రేపు విభాగం మారినా లింకు మారదు.

పోయిన లింకులకి మందు 301 రీడైరెక్ట్, అంటే చిరునామా శాశ్వతంగా మారిందని చెప్పి కొత్తదానికి పంపేది. పాత చిరునామా ఒక గడిలో, దానికి సరిసమానమైన కొత్త చిరునామా పక్క గడిలో రాసి పట్టిక చేసుకోండి. అన్నిటినీ హోంపేజీకి మళ్లించడం తేలికగా కనిపిస్తుంది గాని, వచ్చినవాడికి కావలసింది దొరకదు, గూగుల్ కూడా దాన్ని లేని పేజీగానే లెక్కవేస్తుంది. ఒక రీడైరెక్ట్ ఇంకో రీడైరెక్ట్‌కి దారితియ్యకుండా నేరుగా చివరి పేజీకే పంపండి. కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది, తీసెయ్యకపోతే ఇంకా మంచిది. వర్డ్‌ప్రెస్‌లో పోస్టు లింకు మారిస్తే పాతది దానంతటదే మళ్లుతుంది. 'పేజీ'లకి ఆ ఏర్పాటు లేదు, ఒక పేజీని ఇంకో పేజీ కిందికి జరిపినప్పుడు మీరే పెట్టుకోవాలి. చాలా సైట్లు ఇక్కడే దెబ్బతింటున్నాయి.

ప్రశ్న: కొత్త మెనూ పనికొస్తుందో లేదో డబ్బు ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చా?
— స్వచ్ఛంద సంస్థ కార్యకర్త, అనంతపురం

సైట్ కట్టకముందే తెలుసుకోవచ్చు. మెనూలోని పేర్లని కాగితాల మీద రాయండి, మొదటి కాగితంలో పై వరస పేర్లు మాత్రమే, ఒక్కో పేరు కింద ఏమున్నాయో వేరే కాగితంలో. బొమ్మలూ రంగులూ వద్దు. మీ సంస్థతో సంబంధం లేని ఎనిమిది పదిమందికి ఎనిమిది పనులు ఇవ్వండి. 'మీ అమ్మాయికి కుట్టుపని నేర్పించాలి, ఎక్కడ చూస్తారు?' అని అడగాలి. మెనూలో 'శిక్షణ' అని ఉంటే ప్రశ్నలో 'శిక్షణ' అన్న మాట రాకూడదు, వస్తే మాట చూసి నొక్కేస్తారు. వాళ్లు చూపిన పేరుకి తగిన కాగితం ఇస్తూ పోండి. సాయం చెయ్యకండి, తప్పు దారి పట్టినా ఆపకండి.

మొదట ఏ పేరు మీద వేలు పెట్టారు, వెనక్కి వచ్చారా, చివరికి చేరారా అన్న మూడే రాసుకోండి. పదిమందిలో ముగ్గురు నలుగురు మొదటే వేరే పేరు మీద వేలు పెట్టారంటే ఆ రెండు పేర్లకీ తేడా తెలియడం లేదు. ముందు పేరు మార్చి, ఇంకో అయిదుగురితో చూడండి. పేరు మార్చినా అదే జరిగితే అప్పుడు పేజీని జరపండి.